గడ్డ వయసు

ఆ ఆసుపత్రిలో ఆవిడను ముక్కల డాక్టరు అనేవాళ్ళు. మొహం మీద కాదు, చాటుగా. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అందులో అబద్ధమేమీ లేదు. మిగతా డాక్టర్లు పై అంతస్తుల్లో మనుషుల్ని చూస్తుంటే, ఆ మనుషుల్లోంచి కోసి తీసిన ముక్కలను నేలమాళిగలో కూర్చుని చూడటం ఆవిడ పని. ఏ ముక్కలో ఏ జబ్బుందో మైక్రోస్కోపులో చూసి ఆవిడ చెబితే తప్ప పైన ఎవరి చెయ్యీ కదలదు. అయినా రోగుల్లో ఒక్కరికీ ఆవిడ తెలియదు, ఆవిడకు వాళ్ళూ తెలియరు. గది కిటికీ సరిగ్గా రోడ్డు మట్టానికి ఉండటంతో బయట నడిచేవాళ్ళ చెప్పులూ బూట్లూ మాత్రం బాగా తెలుసు.

సాయంత్రం ఇల్లు చేరగానే అత్తగారు టీ గ్లాసు చేతికిచ్చి, "ఇవాళ ఎవరిని చూశావే?" అని అడిగేది. రెండు అపెండిక్సులు, ఒక పిత్తాశయం, ఒక పుట్టుమచ్చ అని కోడలు చెప్పేది. "వాటికి మొగుడూ పిల్లలూ ఉండరా?" అని నవ్వేది పెద్దావిడ. అది ఆ ఇంట్లో పాత హాస్యం. ఇద్దరికీ విసుగు పుట్టని హాస్యం.

అలాంటి రోజుల్లో ఒక పూట ఆపరేషన్ గది నుంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. మందునీళ్ళలో బొటనవేలంత ముక్క. కుడి తొడ, బయటి వైపు. ఆడమనిషి, వయసు నలభై దాటింది, పని టైలరింగు. ముక్కల డాక్టరు తొడుగులు వేసుకుని, ముక్కను బల్ల మీద పెట్టి, చాకు ఆనించింది.

చాకు కర్రుమంది.

తొడలో తీసిన కండ వెన్నలా తెగాలి. మహా అయితే నారలా సాగాలి. కర్రుమనకూడదు. ఆవిడ చాకు తీసేసి వేలితో తడిమి చూసింది. ఒక అంచున గుడ్డు పెంకులాంటిదేదో గట్టిగా, వంపు తిరిగి తగిలింది. దాని లోపలి వైపు మెత్తగా, తెల్లగా, కాస్త జిగటగా ఉంది. ఇంతకాలం ఉద్యోగంలో రకరకాల ముక్కలు చూసింది గానీ, మెత్తటి దాని చుట్టూ ఇలా పెంకు కట్టుకున్నది మాత్రం చేతికి రాలేదు. ముక్కను దీపం కిందికి జరిపి అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆకలి సంగతి మర్చిపోయింది.

ఈలోగా ఫోను మోగింది. సర్జన్. మనిషి ఎక్కడ అడుగుపెట్టినా తలుపులు టపటపా కొట్టుకుంటాయి కాబట్టి నర్సులు ఆయనకు గాలిదుమారం అని పేరు పెట్టుకున్నారు. ఆయన చెప్పిన సంగతి ఇది. టైలరమ్మ తొడలో ఆరునెలలుగా గడ్డ ఉంది. నిమ్మకాయకంటే పెద్దది. ముందు సూదితో గుచ్చి కాస్త తీద్దామంటే సూది వంగిపోయింది. స్కానింగులో గడ్డ అంచు వెంబడి ఎముక మెరుస్తోంది, కానీ తొడ ఎముకకూ దానికీ ఏ సంబంధమూ లేదు. అందుకే చిన్న గాటు పెట్టి ముక్క తీశాడు. ఆయన భయమల్లా కండలో పుట్టే ఎముక క్యాన్సరు. అదే అయితే ఘాటైన మందులు మొదలుపెట్టాలి, ఆ తర్వాత తొడ కండ చాలావరకు తీసేయాలి. అదృష్టం బాగాలేకపోతే కాలే పోతుంది. మర్నాటికల్లా రిపోర్టు కావాలన్నాడు.

"చూస్తాను" అంది ముక్కల డాక్టరు. చూస్తాను అంటే అవుననీ కాదు, కాదనీ కాదు. ఆవిడతో పనిచేసినవాళ్ళందరికీ అది తెలుసు, గాలిదుమారానికి తప్ప.

ఆవిడ ఫోను పెట్టేసరికి టెక్నీషియను ముక్క మొత్తాన్ని తీసుకుని యాసిడు సీసా వైపు నడుస్తున్నాడు. నిదానమే తన మతం అన్నట్టుండే మనిషి ఆయన. ఆ రోజే ఎందుకో సర్జను తొందర ఆయనకూ అంటుకుంది. ఎముకలాంటి గట్టి పదార్థాన్ని యాసిడులో నానబెట్టి మెత్తబరిస్తే గానీ పలచగా కోసి గాజు మీదికి ఎక్కించడం కుదరదు. ఘాటైన యాసిడైతే తొందరగా నానుతుంది. కానీ ఆ ఘాటు జన్యువులను తినేస్తుంది. తర్వాత ఏ జన్యు పరీక్షకైనా ఆ ముక్క ఎందుకూ కొరగాదు.

ఆవిడ లేచి ఆయన మోచెయ్యి పట్టుకుంది. మెత్తగా ఉన్న భాగాన్ని విడిగా కోసి, దానికి యాసిడు చుక్క కూడా తగలకుండా పక్కన పెట్టించింది. పెంకు ఉన్న భాగాన్ని మాత్రం నెమ్మదిగా పనిచేసే ద్రావణంలో వేయించింది. అది నానడానికి ఎక్కువ రోజులు పడుతుందని టెక్నీషియను గుర్తుచేశాడు. పట్టనీ అంది ఆవిడ. పైనుంచి ఆయన మీద అరిస్తే ఫోను తనకివ్వమంది.

మెత్తటి భాగం స్లైడు మర్నాడు చేతికొచ్చింది. మైక్రోస్కోపు ముందు కూర్చుని ఆవిడ ముందు చిన్న భూతద్దంలో, తర్వాత పెద్ద దాంట్లో చూసింది. ఎముక క్యాన్సరైతే కణాలు వికారంగా ఉంటాయి. ఒకటి చిన్నది, ఒకటి బండది, ఎక్కడ చూసినా విడిపోతూ, రెట్టింపవుతూ అల్లరిగా కనిపిస్తాయి. వాటి మధ్య జాలీ అల్లినట్టు పిచ్చిపిచ్చిగా ఎముక పోగుపడుతుంది. ఇక్కడ ఆ గోలేమీ లేదు. చిన్న చిన్న గుండ్రటి కణాలు, అన్నీ ఒక్క పోలికలో, లేత గులాబీ రంగు జిగటలో వరసలు కట్టి కూర్చున్నాయి. విడిపోతున్న కణం కోసం స్లైడంతా గాలిస్తే ఒకే ఒక్కటి కనిపించింది.

ఇది క్యాన్సరు మొహం కాదని ఆవిడకు అనిపించింది. మరి ఎవరి మొహం?

దెబ్బ తగిలిన కండలో ఒక్కోసారి శరీరం పొరపాటున ఎముక కడుతుంది. అది జబ్బు కాదు, మానడంలో జరిగే తప్పు. అందులోనూ అంచున ఎముక ఉంటుంది. కానీ దాని కణాలు పొడుగ్గా, గాయం మానుతున్న తొందరలో ఉన్నట్టు కనిపిస్తాయి. ఇవి గుండ్రంగా, తీరిగ్గా ఉన్నాయి. ఇంకా ఒక్కటి మిగిలింది. పుస్తకాల్లో చిన్న అచ్చులో, ఓ మూల పేరాలో ఉండేది. ఆసిఫైయింగ్ ఫైబ్రోమిక్సాయిడ్ ట్యూమరు. కండలోనో చర్మం కిందో పుట్టి, తన చుట్టూ తానే ఎముక పెంకు కట్టుకునే గడ్డ. చాలావరకు నెమ్మదైనది. చదువుకునే రోజుల్లో దాని పేరు నోరు తిరగక తోటివాళ్ళంతా నవ్వుకున్నారు. ఆ తర్వాత ఎవరికీ ఎదురుపడలేదు.

ఆ పేరు మనసులోకి రాగానే ఆవిడకు సంతోషమేసింది. వెంటనే భయమూ వేసింది. అరుదైనది చూడాలని ఎన్నేళ్ళుగానో కోరిక ఉన్నవాళ్ళ కళ్ళకు అదే కనిపిస్తుంది. తను చూస్తున్నది గడ్డనా, తన కోరికనా? అవతల ఒక మనిషి కాలుంది. నెమ్మదైనదని తను రాసి, అది క్యాన్సరైతే కాలే కాదు, మనిషే పోతుంది.

పెంకు భాగం నాని స్లైడుగా వచ్చేలోపు డాక్టర్లందరూ కూర్చునే సమావేశం వచ్చింది. గాలిదుమారం స్కానింగు బొమ్మలు గోడ మీద వేసి చూపించాడు. క్యాన్సరు మందుల డాక్టరు మంచం సిద్ధంగా ఉందన్నాడు. అందరూ ముక్కల డాక్టరు వైపు తిరిగారు. క్యాన్సరులా కనిపించడం లేదనీ, ఏమిటో ఇంకా తేలలేదనీ ఆవిడ చెప్పింది.

"ఎముక ఉంది, గడ్డ ఉంది. ఇంకేం తేలాలండీ?" అన్నాడు సర్జను.

"ఎముకుందని నాకూ తెలుసు. దాన్ని కట్టిందెవరో తేలాలి."

ఆయన విసుక్కోలేదు. అదే ఆవిడకు ఎక్కువ బాధనిపించింది. టైలరమ్మకు చంటిదాని దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా బట్టలు కుట్టించుకునేవాళ్ళు పేటంతా ఉన్నారనీ, తొక్కుడు మిషను మీద కుడికాలే ఆధారమనీ, రోజూ గుండెల మీద బరువు పెట్టుకుని తన మొహం చూస్తోందనీ ఆయన మెల్లగా చెప్పాడు. గాలిదుమారం మెల్లగా మాట్లాడటం ఆ గదిలో ఎవరూ అంతకుముందు వినలేదు. ఆలస్యమైతే నష్టం ఆవిడకే, అంతకుమించి తనకు తెలియదన్నాడు.

ముక్కల డాక్టరు కిందికి వచ్చి, తనకు చదువు చెప్పిన పెద్ద మేడమ్‌కు స్లైడు ఫొటోలు పంపి ఫోను చేసింది. పెద్ద మేడమ్ రిటైరై చాలా కాలమైంది. చెవులు సరిగ్గా వినిపించవు గనక అవతలివాళ్ళకూ వినిపించవన్నంత గట్టిగా మాట్లాడుతుంది. టెక్నీషియను గది అవతలి కొస నుంచే అంతా విన్నాడు.

పెద్ద మేడమ్ ఫొటోల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అరుదైనది దొరికిందని సంబరపడకు, ముందు మామూలువన్నీ కాదని తేల్చుకో అంది. ఆ తర్వాత, "గడ్డ వయసెంత?" అని అడిగింది.

"ఆరునెలలు, మేడమ్."

"ఎవరు చెప్పారు నీకు?"

"సర్జను."

"సర్జనుకెవరు చెప్పారు?"

"పేషెంటే అయ్యుంటుంది."

"అయ్యుంటుందేమిటి? ఆరునెలల్లో అంత పెంకు కడుతుందా, అమ్మాయ్? ఇల్లు కట్టడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. మెట్లెక్కి వెళ్ళి అడుగు."

మెట్లెక్కి వెళ్ళి అడగడం అనే మాట ముక్కల డాక్టరుకు చిత్రంగా వినిపించింది. ఇన్నేళ్ళలో వార్డు వైపు వెళ్ళింది ఎవరైనా తోటి డాక్టరు జబ్బుపడితే చూడటానికే. తెల్లకోటు గుండీలు పెట్టుకుని, మళ్ళీ తీసేసి, మళ్ళీ పెట్టుకుని బయల్దేరింది. ముక్కకు మొహం ఉండటం తనకిష్టమో కాదో ఆ మెట్ల మీద ఆవిడకు అర్థం కాలేదు.

టైలరమ్మ కిటికీ పక్క మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, ఆసుపత్రి దుప్పటి అంచు ఊడిపోయిందని సూది దారంతో కుట్టుకుంటోంది. సన్నటి మనిషి, చురుకైన కళ్ళు. పక్కన స్టూలు మీద భర్త. స్కూలు వ్యాను నడుపుతాడు. పిల్లల్ని నవ్వించి నవ్వించి మొహానికి నవ్వు అలవాటైపోయిన మనిషి. ముక్కల డాక్టరు గడ్డ ఎప్పట్నుంచి ఉందని అడిగితే ఆయనే అందుకుని ఆరునెలలన్నాడు. అంతకుముందు అక్కడ దెబ్బేమైనా తగిలిందా అంటే తగల్లేదన్నాడు. టైలరమ్మ తల ఎత్తకుండా కుట్టు వేస్తూనే ఉంది. కాసేపటికి ఆయన టీ తెస్తానని, డాక్టరుగారికీ ఒకటి తెస్తానని లేచాడు.

ఆయన తలుపు దాటాక టైలరమ్మ సూది దుప్పటికి గుచ్చి, "మీరు దేనికి డాక్టరండీ? ఇంతకుముందు చూడలేదు" అంది.

"మీ తొడలోంచి తీసిన ముక్క నా దగ్గరే ఉంది."

టైలరమ్మ నిటారుగా కూర్చుంది. పుట్టింటి నుంచి ఎవరో వచ్చారన్నంత ఆత్రంగా, "ఎలా ఉందండీ అది?" అని అడిగింది.

ముక్కల డాక్టరుకు నవ్వొచ్చింది. ఇంతవరకూ ఆవిణ్ణి ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. గట్టిగా ఉందనీ, చాకుకు కూడా లొంగలేదనీ చెప్పింది.

"అనుకుంటూనే ఉన్నాను, అది రాయేనని. చంటిది తట్టినప్పుడల్లా టకటకమనేది."

అని ఆగిపోయింది. చేతులు దుప్పటి కిందికి వెళ్ళాయి.

"చంటిదంటే ఎవరమ్మా?"

పక్క మంచం దగ్గర ఎవరో తట్ట కింద పెట్టారు. టైలరమ్మ గొంతు తగ్గించి చెప్పింది. చంటిదంటే ఆవిడ రెండో కూతురు. ఒళ్ళో కూర్చుని ఆడుకునే రోజుల్లో తొడ మీద గవ్వంత గడ్డ గట్టిగా తగిలితే దాన్ని తలుపులా కొట్టేది. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. గడ్డ నొప్పి లేదు, గోల లేదు. ఏళ్ళ తరబడి ఉన్నచోటే ఉండి, ఎప్పుడో ఒకసారి కాస్త పెరిగినట్టనిపించేది. టైలరమ్మ తన చుడీదారు ప్యాంట్లు తానే కుట్టుకుంటుంది. కుడికాలు కొంచెం వదులు పెట్టి కుట్టుకోవడం మొదలుపెట్టింది. గడ్డ పెరిగినప్పుడల్లా ఆ వదులు ఇంకాస్త పెంచింది. బయటికి ఎవరికీ తెలియలేదు.

"డాక్టరు దగ్గరికెళితే కోస్తారు కదండీ. కోస్తే ఆ కాలు మిషను తొక్కదేమోనని భయం. ఈ పెళ్ళి సీజను అయ్యాక, ఈ స్కూలు యూనిఫారాలయ్యాక అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చాను. ఆరునెలల కింద మిషను బల్ల అంచు తగిలి ప్రాణం పోయినంత పనైతే, ఇక దాచలేక ఇప్పుడే వచ్చిందని చెప్పాను." తలుపు వైపు చూసింది. "మా ఆయనకు చెప్పకండి. ఇన్నేళ్ళు దాచానని తెలిస్తే కుమిలిపోతాడు."

ముక్కల డాక్టరు చెప్పనని మాటిచ్చింది. కానీ సర్జనుకు చెప్పక తప్పదంది. గడ్డ వయసు మీదే చాలా ఆధారపడి ఉందని, దాన్నిబట్టే దాని గుణం తెలుస్తుందని వివరించింది. టైలరమ్మ శ్రద్ధగా విని, "అంటే నేను చెప్పిన అబద్ధం మిమ్మల్ని తప్పుదారి పట్టించిందా?" అని అడిగింది. కాస్త పట్టించిందని ముక్కల డాక్టరు ఒప్పుకుంది. అబద్ధమాడి ఆవిణ్ణి ఊరడించాలనిపించలేదు.

గదికి తిరిగొచ్చి స్లైడు మళ్ళీ చూసుకుంటుంటే తలుపు దగ్గర దగ్గు వినిపించింది. వ్యాను డ్రైవరు. చేతిలో కాగితపు కప్పు. తన టీ తాగకుండా వచ్చేశారని, అడుగుతూ అడుగుతూ కిందికి దిగానన్నాడు. కప్పు బల్ల మీద పెట్టాక కూడా వెళ్ళలేదు. గోడవారన ఉన్న సీసాల వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"మేడమ్, ఒక్క మాట. ఇందాక ఆరునెలలని చెప్పాను. అది నిజం కాదు."

ముక్కల డాక్టరు మైక్రోస్కోపు నుంచి మొహం తీసింది.

ఇంట్లో ఉతికిన బట్టలు మడతపెట్టేది తనేనని ఆయన చెప్పాడు. పెళ్ళాం ప్యాంటు రెండు కాళ్ళూ ఒకదాని మీద ఒకటి వేస్తే కలిసేవి కావు. కుట్టు తప్పిందేమో అనుకున్నాడు మొదట. తర్వాతిదీ అంతే. ఆవిడ కుట్టు ఎప్పుడూ తప్పదు. నిద్రలో ఒకసారి చెయ్యి తగిలితే సంగతి తెలిసింది. ఏళ్ళయింది.

"అడగలేదా?"

"నోటిదాకా వచ్చేదండీ. తను చెప్పట్లేదంటే ఏదో కారణం ఉంటుంది కదా అనుకునేవాణ్ణి. అది పైకి చెప్పుకునే మాటే గానీ, అసలు భయమండీ. అడిగితే అది నిజమైపోతుందని." ఆయన మొహం మీది నవ్వు అప్పుడు ఎక్కడికో పోయింది. "నేను అప్పుడే అడిగుంటే ఇంతదాకా వచ్చేది కాదా, మేడమ్?"

ఆ ప్రశ్నకు స్లైడులో జవాబు ఉండదు. ఆవిడ తెలిసినంతవరకే చెప్పింది. గడ్డ పేరు తనకింకా ఖాయంగా తెలియదు. కానీ ఇన్నేళ్ళు ఒకేచోట, ఒకే తీరులో, ఆవిణ్ణి ఏమీ అనకుండా ఉన్న గడ్డ క్యాన్సరులా ప్రవర్తించినట్టు కాదు. ఇంత పాతదని తెలియడం మంచికే.

ఆయన కళ్ళు తుడుచుకుని, తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "మా ఆవిడకు చెప్పకండి. నాకు తెలుసని తెలిస్తే సిగ్గుపడుతుంది."

ముక్కల డాక్టరు నవ్వకుండా ఉండటానికి టీ కప్పు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఒకసారి తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుంటే బాగుంటుందని మాత్రం అంది. ఏం మాట్లాడుకోవాలో చెప్పలేదు.

పెంకు భాగం స్లైడు వచ్చింది. గడ్డ అంచు వెంబడే ఎముక ఉంది. పలకలు పలకలుగా, పొరలు పొరలుగా, ముదిరిన ఎముక. తొందరలో పోసింది కాదు, ఏళ్ళు పట్టి పేర్చింది. దాని లోపలి అంచుకు ఆనుకుని అవే గుండ్రటి కణాలు, అవే వరసలు. తర్వాత రంగు పరీక్షలు చేయించింది. నాడుల కణాల్లో పలికే రంగు ఈ కణాల్లోనూ గోధుమ రంగులో పలికింది, అన్నిట్లో కాదు గానీ చాలావాటిలో. ఎముక క్యాన్సరులోనైనా, గాయం మానడంలోనైనా అలా పలకడం మామూలు కాదు. ఇక మిగిలింది జన్యువు. ఈ రకం గడ్డల్లో చాలావాటికి ఒక ఫలానా జన్యువు చోటు తప్పి వేరొకదానికి అతుక్కుని ఉంటుంది. యాసిడు తగలకుండా దాచిన మెత్తటి ముక్క అందుకు పనికొచ్చింది. ఇక్కడ ఆ పరీక్ష లేదు కాబట్టి దూరంగా ఉన్న పెద్ద ల్యాబుకు పంపింది.

ఆ రోజులు గడవడం కష్టమైంది. గాలిదుమారం స్వయంగా నేలమాళిగకు దిగి వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక సీసా గలగలమనేది. గడ్డ పాతదన్న సంగతి ఆవిడ చెప్పినప్పుడు మాత్రం ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "నేను అడిగినప్పుడు ఆరునెలలంది కదా" అన్నాడు చిన్నబుచ్చుకున్నట్టుగా. మీరు అడిగినప్పుడు పక్కన ఎవరున్నారని ఆవిడ అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, మొగుడు ఉన్నాడన్నాడు. మైక్రోస్కోపులో ఒకసారి చూడవచ్చా అని అడిగి, చాలాసేపు చూశాడు.

ల్యాబు జవాబు ఒక మధ్యాహ్నం వచ్చింది. జన్యువు చోటు తప్పి అతుక్కునే ఉంది. ముక్కల డాక్టరు దాన్ని ఒకసారి చదివి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుంది. టెక్నీషియను ఏమైందని అడిగితే స్క్రీను ఆయన వైపు తిప్పింది. ఆయన నెమ్మదిగా చదివాడు. అన్నీ నెమ్మదిగానే చేస్తాడు గదా. చదివాక చెయ్యి ముందుకు చాపాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో వాళ్ళిద్దరూ చేతులు కలపడం అదే మొదలు.

పెద్ద మేడమ్‌కు ఫోను చేస్తే, "నేను ఫొటోలు చూసినప్పుడే అనుకున్నాను" అని అరిచింది. మరి అప్పుడే చెప్పలేదేమంటే, చెబితే నువ్వు మెట్లెక్కేదానివా అంది.

రిపోర్టులో ఆవిడ ఆ పొడుగాటి పేరు రాసి, కింద మామూలు మాటల్లో నాలుగు వాక్యాలు చేర్చింది. ఇది ఎముక క్యాన్సరు కాదు. ఘాటైన మందులు అక్కర్లేదు. చుట్టూ కాస్త మంచి కండతో సహా గడ్డను పూర్తిగా తీసేయాలి. ఇలాంటివి చాలా ఏళ్ళ తర్వాత కూడా తిరిగి రావచ్చు గనక విడవకుండా చూపించుకుంటూ ఉండాలి. ఈ చివరి వాక్యం దగ్గర పెన్ను కాసేపు ఆగింది. అది రాయకపోతే చదివేవాళ్ళకు హాయిగా ఉంటుంది. కానీ నిజం అంతే.

ఆపరేషను సర్జను తనే చేశాడు, తొందరపడకుండా. గడ్డ ఈసారి మొత్తంగా కిందికి వచ్చింది. చిన్న రంపంతో ముక్కల డాక్టరు దాన్ని నిలువునా కోసింది. పెంకు చుట్టూరా మూసుకోలేదు, ఒక పక్కన తెరుచుకుని ఉంది. లోపల ముత్యపు రంగు. అంచులన్నిటికీ సిరా పూసి, కోసి, ఒక్కొక్కటీ చూసింది. గడ్డ కణం ఎక్కడా అంచును తాకలేదు.

ఆ సాయంత్రం అత్తగారు టీ గ్లాసు ఇచ్చి మామూలుగా అడిగింది. కోడలు ఈసారి ముక్కల లెక్క చెప్పలేదు. ఒక టైలరమ్మ సంగతి, ఆవిడ మొగుడి సంగతి, వాళ్ళ ప్యాంట్ల సంగతి మొదలుపెట్టింది. పెద్దావిడ టీ చల్లారబెట్టుకుని మరీ విన్నది. చివర్లో, "ఇంతకీ ఒకరికొకరు చెప్పుకున్నారా లేదా?" అని అడిగింది. కోడలికి తెలియదు. తెలుసుకోకుండా ఎలా వచ్చావే అని పెద్దావిడ కోప్పడింది.

కుట్లు విప్పిన కొన్నాళ్ళకు మొగుడూపెళ్ళాలు ఇద్దరూ నేలమాళిగకు వచ్చారు. టైలరమ్మ చేతికర్ర ఆనించుకుని, ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. మళ్ళీ మిషను తొక్కడానికి కాస్త కాలం పడుతుందని, అప్పటిదాకా కత్తిరింపులు తను చూసుకుంటానని, తొక్కుడు మాత్రం మొగుడికి నేర్పిస్తున్నానని చెప్పింది. ఆయన రెండు సూదులు విరిచాడట. మిషను వెనక్కి కూడా తిరుగుతుందని తనకెవరూ చెప్పలేదన్నాడాయన.

"నా ముక్క చూడొచ్చా?" అని అడిగింది టైలరమ్మ.

ముక్కల డాక్టరు స్లైడు పెట్టి, స్టూలు ఎత్తు సరిచేసి, ఆవిణ్ణి కూర్చోబెట్టింది. టైలరమ్మ కళ్ళద్దాలు తీసి, కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి చూసింది. ఏది ఎముక, ఏది కణం, ఆ ఊదా రంగు చుక్కలేమిటి అని ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోయింది. ముక్కల డాక్టరు అన్నిటికీ చెప్పింది.

"ఎముకెందుకు కట్టుకుందండీ ఇది? మాంసంలో ఉన్నదానికి ఎముకతో ఏం పని?"

"తెలీదమ్మా. ఇది ఏ రకం కణం నుంచి పుట్టిందో కూడా ఎవరికీ ఇంకా సరిగ్గా తెలీదు."

"మీకూ తెలీదా?"

"నాకూ తెలీదు."

టైలరమ్మ మొహం తిప్పి డాక్టరు వైపు చూసింది. ఆ జవాబు ఆవిడకు నచ్చినట్టుంది. మళ్ళీ కన్ను ఆనించి, స్లైడు ఇంకాస్త పక్కకు జరపమని అడిగింది.

"ఈయనకు కూడా చూపించండి. అన్నేళ్ళూ తెలిసి కూడా నోరు మెదపలేదు మహానుభావుడు" అంది చూస్తూనే.

"నువ్వు మాత్రం?" అన్నాడు ఆయన.

ఇంటికెళ్ళాక అత్తగారికి ఏం చెప్పాలో ముక్కల డాక్టరుకు తెలిసిపోయింది. వ్యాను డ్రైవరు స్టూలు మీదికెక్కి, ఏ కన్ను మూయాలో తెలియక రెండూ మూసుకుని, ఏమీ కనబడటం లేదన్నాడు. పెళ్ళాం వెనక నుంచి అరచేత్తో ఆయన ఎడమకన్ను కప్పింది.

"ఆఁ" అన్నాడు కాసేపటికి. "ఇదా."